పసుపు రంగుకు తిరిగిన పాత ప్లాస్టిక్ అరలను మళ్లీ తెల్లగా చేసుకోవడం

నమస్కారం. ఇదిగో, ముందు ఈ గుండ్రటి ప్లాస్టిక్ అరల స్టాండు చూడండి. కెమెరాలో రంగు సరిగా తెలియడం లేదేమో, ఈ తెల్ల కాగితం పక్కన పెడతాను. ఇప్పుడు తెలిసింది కదా? కాగితం తెలుపు, ఇది వెన్న రంగు. ఈ వెనక వైపు, కిటికీకి ఎదురుగా ఉన్న వైపు, ఏకంగా నెయ్యి రంగు. తయారైన రోజున ఇది కూడా ఆ కాగితంలాగే ఉండేది. ఈ రోజు దీన్ని మళ్లీ ఆ తెలుపు వైపు తీసుకువెళ్దాం.

నేను ఉండేది మిలాన్‌లో. ఇక్కడ నావీల్యో గ్రాండే కాలువ గట్టున దాదాపు ప్రతి నెలా చివరి ఆదివారం పాత వస్తువుల సంత జరుగుతుంది, అక్కడ కొన్నాను. దీని పేరు కొంపోనీబిలి. ఇటాలియన్‌లో ఆ మాటకు ఒకదానితో ఒకటి కూర్చుకోగలిగినవి అని అర్థం. ఇదిగో ఇలా. మూత, ఒక అర, ఇంకో అర, ఇది మూడోది. మేకు లేదు, మర లేదు, జిగురు లేదు. మన క్యారియర్ గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తలుపుకు పిడి కూడా లేదు, వేలు పెట్టడానికి ఈ రంధ్రం, అంతే. పక్కకు జరుపుతాం.

దీన్ని రూపొందించింది అన్నా కాస్తెల్లి ఫెర్రియేరి అనే ఆర్కిటెక్ట్. తయారు చేసింది కార్టెల్ అనే ఇటలీ సంస్థ. 1949లో ఆ సంస్థను పెట్టిన జూలియో కాస్తెల్లి ఆమె భర్త, ఆయన చదివింది కెమికల్ ఇంజనీరింగ్. ఈ అరలు 1960ల చివరిలో వచ్చాయి, ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియం సేకరణలో కూడా ఉన్నాయి. వాళ్లు ప్లాస్టిక్‌ను చెక్కకు నకలుగా వాడలేదు. ప్లాస్టిక్ మాత్రమే చేయగలిగినది ఏమిటి అని ఆలోచించారు. ఈ గుండ్రటి గోడ అచ్చులో నుంచి ఇలాగే వచ్చింది, ఈ రంగు పైపూత కాదు, పదార్థంలోనే ఉంది. అందుకే దయచేసి వీటికి పెయింటు వేయకండి. పెయింటు వేస్తే దాని ఒళ్లే కప్పేసినట్టు.

సరే, పనిలోకి వద్దాం. ముందు ఇది ఏ ప్లాస్టిక్కో తెలియాలి. అడుగున చూడండి, తయారీదారు పేరు, రూపకర్త పేరు అచ్చులోనే పోశారు. ప్లాస్టిక్ రకాన్ని చెప్పే త్రికోణంలోని అంకె కోసం వెతకకండి, ఆ గుర్తు వచ్చిందే 1988లో. ఇది ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్. గోటితో తడితే గట్టిగా టక్ మంటుంది, పైన మెరుపు ఉంటుంది. మన ఫంక్షన్ హాళ్లలో వేసే తెల్ల కుర్చీలు పాలీప్రొపిలీన్, వాటిని ముట్టుకుంటే కాస్త మైనంలా ఉంటుంది. ఎండకు అవి సున్నం కొట్టినట్టు పొడిబారతాయి. అది వేరే సమస్య, ఇప్పుడు చేయబోయే పద్ధతి దానికి పనికిరాదు.

విడదీయండి, గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, మెత్తటి గుడ్డ. కడగండి, తుడవండి, ఆరనివ్వండి. పీచు వద్దు. మరకలు తీసే తెల్ల స్పాంజి కూడా వద్దు, అది సన్నటి గరుకు కాగితంలా పనిచేసి మెరుపును తినేస్తుంది. స్టిక్కర్ జిగురు ఉంటే వంట నూనె రాసి పావుగంట ఆగండి, గుడ్డతో వచ్చేస్తుంది. గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం దగ్గరకు రానివ్వకండి. అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది.

ఇప్పుడు అసలు పని. ఏబీఎస్‌లో బి అంటే బ్యూటాడైన్, అంటే రబ్బరు భాగం. వెలుతురు, గాలిలోని ఆక్సిజన్ తగిలి మొదట పాడయ్యేది అదే, పసుపు రంగుకు పెద్ద కారణం అదే. దీనికి మందు హైడ్రోజన్ పెరాక్సైడ్, దానితోపాటు ఎండ. నేను వాడేది జుట్టుకు రంగు వేసేవాళ్ల దగ్గర దొరికే క్రీము. డబ్బా మీద 40 వాల్యూమ్ అని ఉంటుంది, అంటే 12 శాతం. నీళ్లలాంటిది కూడా దొరుకుతుంది కానీ నిలువు గోడ మీద నిలవదు, కారిపోతుంది. క్రీమే మేలు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, చర్మం మీద పడితే కాలుతుంది. ముందు లోపలి వైపు చిన్న చోట రాసి చూడండి. ఇది తెల్లటి వాటికే. ఎరుపు, నారింజ ముక్కలకు రాయకండి, అసలు రంగే వెలిసిపోవచ్చు.

ఇక్కడ నెమ్మదిగా చూడండి. నా మొదటి అర పాడైంది ఇక్కడే. క్రీము రాశాను, బాల్కనీలో పెట్టాను, భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి క్రీము ఎండిపోయింది. కడిగితే గోడంతా మబ్బుల్లా మచ్చలు. ఎండిన చోట ఒక రంగు, తడి ఉన్న చోట ఇంకో రంగు. అవి మళ్లీ పోలేదు. ఆ అర ఇదిగో, చూడండి. ఇలా పక్కకు తిప్పితే ఇంకా బాగా తెలుస్తుంది.

కాబట్టి మందంగా రాయండి. పల్చగా కాదు, మందంగా. రాసిన వెంటనే వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొరతో చుట్టండి. చుట్టాక లోపల గాలి బుడగలు కనిపిస్తాయి, వేలితో ఇలా అంచు వైపు తోసేయండి. బుడగ ఉన్న చోటే మచ్చ పడుతుంది. ఫోనులో అలారం పెట్టుకోండి. అరగంటకోసారి పావు వంతు తిప్పండి, పొర తీసి క్రీమును బ్రష్షుతో మళ్లీ సమంగా పరచండి, మళ్లీ చుట్టండి. విసుగే, కానీ ఆరనివ్వకూడదు. దేనికీ లొంగని నియమం ఇది ఒక్కటే: ఆరనివ్వకూడదు. నాకు జూలై ఎండలో రోజుకు నాలుగైదు గంటల చొప్పున రెండు రోజులు పట్టింది. చలికాలంలో మిలాన్‌లో ఎండ ఎక్కడిది? అప్పుడు నేను బకెట్ లోపల వెండిరంగు వంటింటి రేకు అంటించి, అతినీలలోహిత దీపాల పట్టీ చుట్టి వాడతాను. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం, వెలుతురు అన్ని వైపులా సమానంగా పడుతుంది.

ఇది ఎండలో ఉండగా ఒక మాట. తెలుపు వచ్చినంత మాత్రాన బలం తిరిగి రాదు. వెర్నర్ పాంటన్ కుర్చీ తెలుసు కదా, ఒకే అచ్చులో పోసిన వంపుల కుర్చీ. 1971 నుంచి 1979 వరకు దాన్ని లూరాన్ ఎస్ అనే ప్లాస్టిక్‌తో చేశారు. అది కాలక్రమంలో పెళుసుబారి విరగడంతో 1979లో తయారీయే ఆపేశారు. సీటు కిందికి మలుపు తిరిగే చోట అడుగున పట్టీలు కనిపిస్తే ఆ కాలం నాటిదని అనుకోండి. కొన్నా కూర్చోకండి, చూసుకోండి.

కడిగేశాను, ఇదిగో. కాగితం పక్కన పెడతాను. కాగితమంత తెలుపు కాదు, కానీ నెయ్యి రంగు పోయింది. కిటికీ దగ్గర పెడితే మళ్లీ పసుపు వస్తుంది, అందుకే నేరుగా ఎండ పడని మూలలో పెడుతున్నాను. సన్నటి గీతలు అలాగే వదిలేశాను. నీళ్లతో రుద్దే 2000 నంబరు గరుకు కాగితం, ఆపైన పాలిష్ పెట్టి తీసేవాళ్లున్నారు, నేను తీయను.

గదిలో ఎలా పెట్టాలి? అన్నీ ప్లాస్టిక్ వస్తువులే వరసగా పెడితే దుకాణంలా ఉంటుంది. ఒక్కటి చాలు. పక్కన దానికి పూర్తిగా వేరైనది ఉండాలి. నా దగ్గర చూడండి, చెక్క మంచం, కింద చేనేత జంపఖానా, మధ్యలో ఈ మెరుపు. వ్యాసం 32 సెంటీమీటర్లే, చిన్న గదిలోనూ పట్టేస్తుంది. మూడు అరలది మంచం ఎత్తుకు సరిగ్గా వచ్చింది. పైన దీపం, మొదటి అరలో పుస్తకాలు, రెండో దానిలో మందులు, ఛార్జర్లు. మచ్చలు పడ్డ అరను అడుగున పెట్టాను, మచ్చ గోడ వైపు. ఇప్పుడు తలుపు జరుపుతాను, శబ్దం వినండి.