మామిడి తాండ్రతో సోర్‌డో బేగెళ్లు: మన విశాఖ ఉక్కలో చేసే పద్ధతి

అందరికీ నమస్కారం. ఈ పళ్లెంలో ఉన్నవి చేకోడీలు కావు, వాటికి పెద్దన్నల్లాంటివి. వీటిని బేగెళ్లు అంటారు. పోలండ్‌లోని యూదుల వంట ఇది. క్రాకోవ్ నగరంలోని యూదులు 1610లో రాసుకున్న కట్టుబాట్లలోనే వీటి ప్రస్తావన ఉంది. మామూలు బ్రెడ్డుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఒక్కటే: కాల్చే ముందు మరిగే నీళ్లలో వేసి తీస్తాం. ఈ రోజు బజారు ఈస్టు లేకుండా, ఇంట్లో పెంచుకున్న స్టార్టర్‌తో, అంటే పులిసిన పిండితో, మామిడి తాండ్ర వేసి ఎనిమిది బేగెళ్లు చేద్దాం. సోర్‌డో అంటే ఇలా పులియబెట్టిన పిండే.

తాజా పండు ఉండగా తాండ్ర ఎందుకని అడుగుతారు. మొదటిసారి నేను వేసింది తాజా అనాసపండే. రైతుబజారులో సీతంపేట అనాస దొరికింది. వాసనకే నోరూరి, పచ్చి గుజ్జు పిండిలో కలిపేశాను. తెల్లారి గిన్నె మూత తీస్తే లోపల దోశల పిండిలా జారుతున్న ముద్ద. గరిటెతో ఎత్తితే సాగకుండా తెగిపోతోంది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను విడగొడుతుంది. పిండిని పట్టి నిలిపే గ్లూటెన్ కూడా మాంసకృత్తే కాబట్టి రాత్రంతా దాన్ని తినేసింది. పచ్చి బొప్పాయిలోని పపైన్‌దీ అదే పని. అనాసే కావాలంటే ముక్కలను నీరు ఇగిరిపోయేదాకా బాగా ఉడికించి, చల్లార్చి వేయండి. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది.

మామిడి గుజ్జుతో వచ్చే చిక్కు నీరు. బేగెల్ పిండి గట్టిగా ఉండాలి, గుజ్జు దాన్ని పలచన చేస్తుంది. తాండ్రలో ఆ నీరంతా ఎండకు ఎప్పుడో పోయింది, రుచి మాత్రమే మిగిలింది. పొరమీద పొర పోసి ఎండబెట్టిన మామిడి రసం కదా! మనకు విజయనగరం వైపు భీమాలి తాండ్ర ఉండనే ఉంది. పొడిగా, గట్టిగా ఉన్నది చూసి తెచ్చుకోండి.

ఇప్పుడు స్టార్టర్. పెరుగుకు తోడు ఎలాగో బేగెల్ పిండికి ఇది అలాగ. పిండి, నీళ్లు సమానంగా కలిపి రోజూ కొంత తీసేసి, కొత్త పిండి వేస్తూ పెంచుకున్నది. చలిదేశాల పుస్తకాల్లో రాసిన గంటలను మన ఊళ్లో నమ్మవద్దు. ముప్పై డిగ్రీల వేడిలో సమానంగా మేపిన, అంటే తనంత పిండి, తనంత నీళ్లు వేసిన స్టార్టర్ మూడు నాలుగు గంటల్లోనే రెట్టింపై, ఆ తర్వాత కుంగి పుల్లబడిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఒక వంతు స్టార్టర్‌కు నాలుగు వంతుల పిండి, నాలుగు వంతుల నీళ్లు వేస్తాను. మేపగానే సీసాలో పిండి ఉన్న ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు పెట్టి ఉంచండి. పిండి ఆ గీత నుంచి రెట్టింపు ఎత్తుకు వచ్చి, పైభాగం ఉబ్బుగా ఉన్నప్పుడే వాడాలి. గడియారం చూడవద్దు, సీసా చూడండి.

కొలతలు రాసుకోండి. మైదా 500 గ్రాములు, స్టార్టర్ 100, నీళ్లు 240, ఉప్పు 10, బెల్లం పొడి 20, తాండ్ర 100 గ్రాములు. మన మైదాలో మాంసకృత్తులు కాస్త తక్కువ కాబట్టి, దొరికితే గోధుమ గ్లూటెన్ పొడి ఒక పెద్ద చెంచా కలపండి. దొరక్కపోయినా మానవద్దు. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చినవి వాడండి.

తాండ్ర తప్ప అన్నీ కలిపి, ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. పిండి తనంత తానే సగం మెత్తబడుతుంది. తర్వాత పది నిమిషాలు బలంగా పిసకాలి. పూరీల పిండంత గట్టిగా ఉంటుంది, చేతులు నొప్పి పెడతాయి. నీళ్లు మాత్రం చల్లవద్దు. నున్నగా అయ్యాక తాండ్రను శనగగింజంత ముక్కలుగా కోసి, కాస్త మైదాలో పొర్లించి కలపండి. పొర్లించకపోతే ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

మూతపెట్టి మూడు నాలుగు గంటలు ఉంచితే పిండి ఒకటిన్నర రెట్లు అవుతుంది. అంతకు మించి పొంగనివ్వవద్దు. ఎనిమిది ఉండలు చేయండి, ఒక్కొక్కటి 120 గ్రాములు వస్తుంది.

దగ్గరగా చూపిస్తాను, ఇదిగో. ఉండను జానెడు తాడులా దొర్లించాను. నాలుగు వేళ్ల చుట్టూ తిప్పి, కొనలు అరచేతి కింద రెండంగుళాల మేర ఒకదానిమీద ఒకటి పడేలా పెట్టాను. ఇప్పుడు వేళ్లు తీయకుండానే ఆ అతుకును బల్లమీద రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ దొర్లించాలి. అతుకు కనిపించకుండా కలిసిపోయింది, చూడండి. చేకోడీ చుట్టడం వచ్చినవారికి ఇది నిమిషం పని. పైకి పొడుచుకొచ్చిన తాండ్ర ముక్కలను వేలితో లోపలికి నొక్కేయండి. బయట ఉంటే నీళ్లలో కరిగిపోతాయి, ఓవెన్‌లో మాడిపోతాయి. నూనె రాసిన బేకింగ్ కాగితం మీద పెట్టి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పులుపు నెమ్మదిగా ఎక్కేది అక్కడే.

పొద్దున ఒకదాన్ని చల్లటి నీళ్ల గిన్నెలో వేయండి. తేలితే సిద్ధమైనట్టు. మునిగితే అన్నిటినీ అరగంట బయట ఉంచి మళ్లీ చూడండి. ఈ పరీక్ష మానవద్దని మరీ మరీ చెబుతున్నాను. సరిగా పొంగని బేగెల్ కాలాక రాయిలా ఉంటుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీలకు వేడి చేయండి. వెడల్పాటి గిన్నెలో రెండు లీటర్ల నీళ్లు మరిగించి, రెండు పెద్ద చెంచాల బెల్లం వేయండి. అసలు పద్ధతిలో ఇక్కడ బార్లీ మాల్టు పాకం వాడతారు. అనకాపల్లి పక్కనే ఉండగా నాకు ఆ లోటు తెలియలేదు. బెల్లంలో నలకలు ఉంటాయి, విడిగా కరిగించి వడకట్టి పోయండి. ఒకేసారి మూడు బేగెళ్లు, ఒక్కో వైపు నలభై ఐదు సెకన్లు. వేడినీటికి పైన ఉన్న పిండిపదార్థం జిగురుగా ఉడికి పొరకడుతుంది. ఆ పొర ఓవెన్‌లో బేగెల్‌ను మరీ పొంగనివ్వదు. నమిలితే సాగే గుణం, పైన నిగనిగ దానివల్లే. చిల్లుల గరిటెతో తీసి, తడి ఆరకముందే నువ్వులు చల్లండి.

ఇరవై రెండు నిమిషాలు కాల్చాలి, మధ్యలో ఒకసారి ట్రేను తిప్పండి. పది నిమిషాలకల్లా తాండ్ర వాసన వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా వస్తుంది. తొందరపడి కోయవద్దు, అరగంట చల్లారనివ్వండి, లేకపోతే లోపల జిగటగా ఉంటుంది.

ఇదిగో, అడ్డంగా కోశాను. తాండ్ర ఉన్న చోటల్లా పసుపుపచ్చ మరకలు, అంచున కాస్త పాకం. పైన వెన్న చాలు.

మన సముద్రపు గాలికి పైపొర సాయంత్రానికే మెత్తబడుతుంది. మిగిలినవాటిని ఆ రోజే అడ్డంగా కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. కావాల్సినప్పుడు తీసి, పెనం మీద కోసిన వైపు కిందికి పెట్టి కాల్చుకుంటే చాలు. స్టార్టర్ సీసా అడుగున రెండు చెంచాలు మిగిలింది. దాన్ని ఇప్పుడే మేపి, గంట బయట ఉంచి, ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను.