ఆ 307 మంది ఎవరు?

అందరికీ నమస్కారం.

వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు నిమిషాలు వాటికే పోతాయి. అధ్యక్షులవారు నా పాత స్నేహితులే కాబట్టి ఏమీ అనుకోరు. కిందటేడు ఇదే ఓటర్ల దినోత్సవం నాడు శాలువాలు కప్పుకోవడానికే పావుగంట పట్టింది. ఈసారి నాకు శాలువా వద్దని ముందే చెప్పాను. అయినా తెచ్చారు. అదిగో, ఆ కుర్చీ మీద మడత పెట్టి ఉంది.

ఓటు విలువ గురించి మాట్లాడమన్నారు. మన అనకాపల్లిలో ఆ మాట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1989 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి నుంచి కొణతాల రామకృష్ణ గారు గెలిచింది 9 ఓట్లతో. లక్షల ఓట్లు పోలైన చోట 9! ఆ తర్వాత చాలా కాలం బెల్లం మార్కెట్టులో ఎవరిని కదిపినా "ఆ తొమ్మిదిలో నాదొకటి మాస్టారూ" అనేవారు. నాతో అలా అన్నవాళ్లే రెండు వందల మంది ఉంటారు.

సరే. దానికి సరిగ్గా 150 ఏళ్ల ముందు, 1839 నవంబరులో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గవర్నర్ ఎన్నిక జరిగింది. గవర్నర్ అంటే మన దగ్గర రాష్ట్రపతి నియమించే గవర్నరు కాదు. అక్కడ గవర్నర్‌ని జనమే ఓటేసి ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి లాంటివాడు. అదీ ఆ రోజుల్లో ఏటా ఎన్నిక! మనకు ఐదేళ్లకోసారి వస్తేనే గోడల మీద సున్నం నిలవడం లేదు.

పోటీలో ఇద్దరు. ఒకరు ఎడ్వర్డ్ ఎవరెట్, అప్పటికే నాలుగేళ్లుగా గవర్నరు, విగ్ పార్టీ. గొప్ప వక్త. 1863లో గెటిస్‌బర్గ్‌లో అబ్రహాం లింకన్ రెండు నిమిషాల ప్రసంగం చేశాడని మనందరికీ తెలుసు. ఆ రోజు అసలు ప్రధాన వక్త లింకన్ కాదు, ఈ ఎవరెట్. లింకన్ కంటే ముందు ఈయన రెండు గంటలు మాట్లాడాడు. మర్నాడు లింకన్‌కి ఉత్తరం రాస్తూ, మీరు రెండు నిమిషాల్లో చెప్పిన అసలు విషయం దగ్గరికి నేను రెండు గంటల్లో చేరగలిగానంటే అదే సంతోషం అన్నాడు. ఆ ఉత్తరాన్ని గుర్తు పెట్టుకోండి. ఓడిపోవడం తెలిసిన మనిషి రాసిన ఉత్తరం అది.

రెండో ఆయన మార్కస్ మోర్టన్, డెమోక్రటిక్ పార్టీ. రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జి. ఈయన 1828 నుంచి 1843 దాకా వరుసగా పదహారేళ్లు, ఏటా, గవర్నరు పదవికి పోటీ చేశాడు. జడ్జి పని జడ్జి పనే, పోటీ పోటీయే. పదకొండుసార్లు ఓడి పన్నెండోసారి నిలబడ్డాడు చూడండి, ఆ ఏడు సంగతే ఇది.

అంత పెద్ద వక్త, నాలుగేళ్ల గవర్నరు, ఒక జడ్జి ముందు ఎందుకు తడబడ్డాడు? చాలా కారణాలు ఉన్నాయి కానీ నాకు ఇష్టమైనది పంది.

నవ్వకండి. చెబుతాను. 1838లో అక్కడొక చట్టం తెచ్చారు. సారా లాంటి ఘాటు మద్యం 15 గ్యాలన్లకు తక్కువ అమ్మకూడదు. పదిహేను గ్యాలన్లంటే దాదాపు 57 లీటర్లు. దుకాణంలో గ్లాసు తాగే పేదవాడికి చుక్క దొరకదు. డబ్బున్నవాడు పీపాయే కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటాడు. చట్టం మీద సంతకం పెట్టింది ఎవరెట్. మద్యం మీద కోపం ఉన్నవాళ్లకి కూడా ఇదేం న్యాయం అనిపించింది. తమాషా ఏమిటంటే మోర్టన్ కూడా మద్యం మానమని ప్రచారం చేసే సంఘంలో పెద్దగా ఉన్నవాడే. అయినా ఓట్లు అటు వెళ్లాయి.

ఇక పంది. డెడమ్ అనే ఊళ్లో సైనికుల కవాతు జరుగుతుంటే జనం మూగారు. ఒకడు అక్కడ గుడారం వేశాడు. లోపల వింత జంతువు ఉంది, చారల పంది, చూడాలంటే టికెట్ కొనండి అన్నాడు. మామూలు పందికి రంగుతో చారలు వేశాడు, అంతే. టికెట్ కొని లోపలికి వెళ్తే పందిని చూపించి చేతిలో ఒక గ్లాసు పెట్టేవాడు. గ్లాసు ఉచితం! తను మద్యం అమ్మడం లేదుగా, పందిని చూపిస్తున్నాడు. ఒక్కొక్కడు బయటికొచ్చి మళ్లీ టికెట్ కొని లోపలికి వెళ్లాడట. పంది మీద అంత ఆసక్తి! ఆ చారల పంది పేరు తర్వాత రాజకీయాల్లోకి కూడా ఎక్కింది.

మాకు ఈ తెలివితేటలు కొత్తగా అనిపించవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకింది. 1994లో ఎన్టీఆర్ గారు మద్యనిషేధం మాట ఇచ్చి గెలిచారు, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ నిషేధం సడలించింది. ఆ మధ్య కాలంలో మందు ఎలా దొరికిందో ఈ సభలో ఉన్న పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. వెనక వరసలో నవ్వుతున్నారు, వాళ్లకి తెలుసు. అక్కడ మద్యం మీద చట్టం చేసినవాడు ఓడాడు, ఇక్కడ చేస్తానన్నవాడు గెలిచాడు. తేడా ఏమిటంటే ఇక్కడ అడిగింది ఆడవాళ్లు, వాళ్లకి ఓటుంది. 1839 మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకి ఓటు లేదు.

నిర్వాహకులు చీటీ పంపారు, ఇంకా పది నిమిషాలే అని. పందితో చాలా సేపు గడిపానని నాకూ తెలుసు. లెక్కలోకి వస్తాను. పిల్లలూ, పెన్నూ కాగితం ఉంటే తీయండి.

మోర్టన్‌కి 51,034. ఎవరెట్‌కి 50,725. అటూ ఇటూ కాకుండా వేరే వేరే పేర్లకి పడ్డవి 307. మొత్తం 1,02,066. కూడుకోండి, సరిపోతుంది.

మోర్టన్‌కి 309 ఓట్లు ఎక్కువ. మన పద్ధతిలో అయితే బ్యాండు మేళం పిలిచేవాళ్లం. అప్పట్లో అక్కడ అలా కాదు. పోలైన మొత్తంలో సగం దాటాలి. సగం ఎంత? 51,033. మోర్టన్‌కి వచ్చినవి 51,034. ఒక్కటంటే ఒక్క ఓటు. ఎవరూ సగం దాటకపోతే నిర్ణయం శాసనసభ చేతికి వెళ్లేది. అక్కడ మెజారిటీ ఎవరెట్ పార్టీదే.

ఇక్కడే లెక్కల మాస్టారి తిక్క ఒకటి చెబుతాను. ఆ రోజు మోర్టన్ ఓటరు ఒకడు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడనుకోండి. మోర్టన్‌కి 51,033, మొత్తం 1,02,065. అప్పుడూ సగం కంటే ఎక్కువే. గెలిచేవాడు! అదే ఓటరు బూత్‌కి వెళ్లి వేరే ఎవరి పేరో రాసి వేశాడనుకోండి. మోర్టన్‌కి 51,033, మొత్తం 1,02,066. సరిగ్గా సగం. దాటలేదు. ఓడేవాడు. ఓటెయ్యని వాడి వల్ల పోలేదు, తప్పుగా వేసినవాడి వల్ల పోయేది. ఓటర్ల దినోత్సవం నాడు ఇలా అనకూడదేమో. లెక్క అలా వచ్చింది, నన్నేం చేయమంటారు?

అందుకే నాకు మోర్టన్ కంటే, ఎవరెట్ కంటే ఆ 307 మంది మీద దృష్టి ఎక్కువ. అప్పుడు ప్రభుత్వం అచ్చేసే బ్యాలెట్ పేపరు లేదు. పార్టీలవాళ్లు పేర్లు అచ్చేసి చీటీలు పంచేవారు, లేదా ఎవరికి వారు చేత్తో రాసుకుని వెళ్లేవారు. ప్రభుత్వమే బ్యాలెట్ అచ్చేసే పద్ధతి మసాచుసెట్స్‌కి 1888లో గానీ రాలేదు. మరి ఆ 307 మంది ఎవరు? ఇద్దరి మీదా కోపంతో మూడో పేరు రాసినవాళ్లు ఎంతమంది? చీటీ చేతిలో పెట్టగానే కంగారు పడి ఏదో చేసినవాళ్లు ఎంతమంది?

ఎవరెట్ పార్టీవాళ్లు ఊరుకోలేదు. లెక్కల్ని తిరగదోడదాం అన్నారు. ఒక్క ఓటు చెల్లదని తేల్చడం ఎంత పని? ఓట్ల లెక్కలు పరిశీలించేదీ శాసనసభే. ఎవరెట్ వద్దన్నాడు. 1840 జనవరిలో కుర్చీ మోర్టన్‌కి అప్పగించాడు. ఆ 15 గ్యాలన్ల చట్టాన్ని ఆ ఏడే రద్దు చేశారు. ఎవరెట్ ఐరోపా వెళ్లాడు, లండన్‌లో అమెరికా రాయబారి అయ్యాడు, హార్వర్డ్‌కి అధ్యక్షుడయ్యాడు. మోర్టన్ మరుసటి ఎన్నికలోనే ఓడిపోయాడు, 1842 ఎన్నిక తర్వాత మళ్లీ గవర్నరయ్యాడు. ఎవరి బతుకు వారిది.

చీటీ మళ్లీ వచ్చింది. ఇంకొక్క సంగతి. అసలు ఇది చెప్పడానికే ఈసారి పిలవగానే వచ్చాను.

1981 పంచాయతీ ఎన్నికల్లో మా నాన్న వార్డు మెంబరుగా నిలబడ్డారు. గుర్తు ఉంగరం. అవతలాయనది కత్తెర. నాకు ఇరవై రెండేళ్లు, మొదటి ఓటు. అప్పట్లో ఇరవై ఒకటి నిండితేగానీ ఓటు లేదు. సాయంత్రమే బళ్లో పెట్రోమాక్స్ లైటు కింద లెక్కపెట్టారు. కత్తెరకి 118, ఉంగరానికి 117. చెల్లనివి 5.

ఆ ఐదింటిలో ఒక కాగితం మీద స్వస్తిక్ ముద్ర ఉంగరానికీ కత్తెరకీ మధ్య గీత మీద పడింది. మా నాన్న దాన్ని పట్టుకుని గంటసేపు వాదించారు. "చూడండి సార్, ముప్పావు మా ఉంగరం వైపే ఉంది" అని. ఆఫీసరు వినలేదు. ఆ కాగితాన్ని లైటు దగ్గరికి ఎత్తి అందరికీ చూపించారు. నేను కిటికీ బయట నిలబడి చూశాను.

అది నాది. టెన్షన్‌లో చెయ్యి వణికింది. వేసిన క్షణంలోనే తెలిసింది నాకు. ఇంకో కాగితం అడగొచ్చని తెలియదు, మడిచి డబ్బాలో వేసేశాను.

అది చెల్లి ఉంటే 118, 118. చీటీలు తీసేవారు. కాబట్టి నేను పోగొట్టింది మా నాన్న గెలుపు కాదు, ఒక చీటీ. లెక్క ప్రకారం సగం గెలుపు. ఆ లెక్క ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చేసుకున్నానో.

మా నాన్న మాత్రం తనకి రావాల్సిన ఒక్క ఓటు ఎవరు వేయలేదో తేల్చుకున్నారు. పక్కింటి మావయ్య. చిన్నప్పటి నుంచీ స్నేహితులు, ఒకే నూతి నీళ్లు తోడుకున్నవాళ్లు. ఆయన ఎన్నికల ముందు రోజు కత్తెర వాళ్ల అరుగు మీద కూర్చుని టీ తాగడం ఎవరో చూశారు. అంతే. మాటలు ఆగిపోయాయి. ఇళ్ల మధ్య దడి లేచింది. నా పెళ్లికి వాళ్లకి శుభలేఖ వెళ్లలేదు. ఇరవై మూడేళ్లు, మా నాన్న పోయేదాకా. ఆయన పాడె లేచినప్పుడు మావయ్య వచ్చి దడి అవతలే నిలబడ్డాడు.

నేను చెప్పలేదు. మొదట భయం వేసింది. తర్వాత ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పదిసార్లు ఎన్నికల డ్యూటీ చేశాను, బూత్‌లో వణికే చేతులు కనిపిస్తే "నిదానంగా వేయండి, తొందరేం లేదు" అనడం అలవాటైంది. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. ఎవరెట్ కథ చదివిన రోజు నిద్ర పట్టలేదు. ఆయన ఆ ఒక్క ఓటు ఎవరిదని వెతకలేదు. మా ఇంట్లో వెతికారు. దొరికినవాడు తప్పు మనిషి.

అమ్మా, మూడో వరసలో ఎర్ర చున్నీ వేసుకున్న పాపా. నువ్వే. ఇందాక గుమ్మం దగ్గర నీ ఊరు పేరు అడిగాను, మీ తాతగారి పేరు చెప్పావు. ఆయనకి తొంభై దగ్గర పడ్డాయి, చెవి సరిగ్గా వినపడదు అన్నావు. ఫర్వాలేదు, గట్టిగా చెబుతాను. రేపు పొద్దున ఆయన ఏ వేళకి లేస్తారో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి తల్లీ. నంబరు ఆ చీటీ వెనక రాసిస్తాను.