మ్యాగీ స్మిత్ అంటే మెక్‌గోనగల్ ఒక్కటేనా?

నమస్తే అండీ. 2024 సెప్టెంబర్ 27న బ్రిటిష్ నటి మ్యాగీ స్మిత్ పోయినప్పుడు ఎక్కడ చూసినా హ్యారీ పోటర్ ఫొటోలే. ఆ సినిమాల్లో ఆవిడ వేసిన మంత్రాల బడి టీచర్ మెక్‌గోనగల్ అంటే నాకూ ప్రాణమే. కానీ ఆ టోపీ పెట్టుకునేనాటికే ఆవిడ నటనకి యాభై ఏళ్లు కావస్తున్నాయి. ఈ వీడియో ఆ యాభై ఏళ్ల గురించే.

పుట్టింది 1934లో, ఇల్‌ఫర్డ్‌లో. పెరిగింది ఆక్స్‌ఫర్డ్. 1952లో అక్కడి ప్లేహౌస్‌లోనే షేక్‌స్పియర్ నాటకం 'ట్వెల్ఫ్త్ నైట్'లో వయోలాగా స్టేజీ ఎక్కారు. తర్వాత పేరుమోసిన నటుడు లారెన్స్ ఒలీవియే నేషనల్ థియేటర్‌కి పిలిచారు. 1964లో షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకంలో ఆయన ఒథెల్లో, ఈవిడ అతని భార్య డెస్డిమోనా. దాన్ని సినిమాగా తీస్తే ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఆస్కార్లు రెండు గెలిచారు. మొదటిది 1969 నాటి 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ'కి. అందులోనూ టీచరే, కాకపోతే ఇటలీ నియంత ముస్సోలినీని మెచ్చుకుంటూ పిల్లల బుర్రల్ని తనకి కావాల్సినట్టు మలిచే టీచర్. నవ్విస్తూనే వణికిస్తుంది. రెండోది 'కాలిఫోర్నియా సూట్'. ఆస్కార్ చేజారిన నటిగా చేసి, దానికే ఆస్కార్ అందుకున్నారు!

ఒక్కటే చూస్తాను, ఏది చూడమంటావ్ అని అడిగితే మాత్రం నేను చెప్పేది 'బెడ్ అమాంగ్ ది లెంటిల్స్' అనే టీవీ నాటకం. 1988లో బీబీసీలో వచ్చింది, రాసింది అలన్ బెన్నెట్. తెర మీద ఆవిడ తప్ప ఇంకో మనిషి కనిపించరు. ఆవిడ పాత్ర చర్చి పాస్టర్ భార్య, మందుకి బానిస. లీడ్స్‌లో సరుకుల కొట్టు నడిపే రమేష్ అనే భారతీయుడితో దగ్గరవుతుంది, అదీ కొట్టు వెనక పప్పు బస్తాల మధ్య. తాగకుండా ఉండొచ్చుగా అని అడిగింది అతనే. ఆవిడ మందు మానేస్తే గొప్పంతా భర్త ఖాతాలో పడుతుంది. ఇదంతా గొంతు పెంచకుండా, మామూలు కబుర్లలాగే చెబుతారు. ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. గుండె పిండేసేది ఆ ఆగడమే.

టీవీ సీరియల్ 'డౌన్‌టన్ ఆబీ'కి ఆవిడకి మూడు ఎమ్మీలు (టీవీ అవార్డులు) వచ్చాయి. నా మటుకు నాకు, అందులో ఆవిడకి చురకలు ఎక్కువ, చేతినిండా నటన తక్కువ.

ఆరో హ్యారీ పోటర్ సినిమా చేసేటప్పుడు రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూనే షూటింగ్‌కి వెళ్లారు. అంత జరిగాక 2019లో, 84 ఏళ్ల వయసులో, లండన్‌లోని బ్రిడ్జ్ థియేటర్‌లో మళ్లీ స్టేజీ ఎక్కారు. నాటకం 'ఎ జర్మన్ లైఫ్'. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ దగ్గర సెక్రటరీగా చేసిన బ్రున్‌హిల్డ పామ్‌జెల్ పాత్ర. తోడుగా ఇంకో నటుడు లేడు. అన్ని పేజీల మాటలూ ఆవిడ ఒక్కరే మోశారు.

ముందు మిస్ బ్రోడీ చూడండి, తర్వాత రమేష్ కొట్టు కథ. రెండూ చూశాక మీకేమనిపించిందో కింద రాయండి, ఒక్కోటీ చదువుతాను.