పత్తి నేల మీద జీన్స్ కొనేటప్పుడు
(గుంటూరులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు నమస్కారం. ఎండలో వచ్చి ఓపిగ్గా కూర్చున్న విద్యార్థులందరికీ ధన్యవాదాలు.

ఈ హాల్లో సగం మంది జీన్స్ వేసుకునే వచ్చారు. అవి మానేయమని చెప్పడానికి నేను రాలేదు. జీన్స్ గట్టి బట్ట. సరిగ్గా ఎంచుకుంటే ఏళ్ళ తరబడి మన్నుతుంది. ఎలా ఎంచుకోవాలో, కొన్నాక ఎలా చూసుకోవాలో మాట్లాడదామని వచ్చాను. ఈ మాట గుంటూరులో చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడినుంచి అమరావతి వైపు వెళ్ళినా, ప్రత్తిపాడు వైపు వెళ్ళినా, సత్తెనపల్లి మీదుగా పల్నాడులోకి వెళ్ళినా నల్లరేగడిలో పత్తి చేలు కనిపిస్తాయి. మీలో కొందరి ఇళ్ళలో పత్తి వేసే ఉంటారు. జీన్స్ పుట్టేది అక్కడే.

లీవైస్ కంపెనీ తన 501 జీన్స్ మీద ఒక లెక్క తీసింది. పత్తి విత్తిన దగ్గర్నుంచి ప్యాంటు పారేసే దాకా ఒక్క జతకు సుమారు 3,781 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని తేలింది. అందులో 68 శాతం పత్తి పండించడానికి, 23 శాతం కొన్నవాళ్ళు ఇంట్లో ఉతుక్కోవడానికి. ఫ్యాక్టరీ వాటా మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. మన మెట్ట పత్తి చాలావరకు వాన మీద ఆధారపడేదే కాబట్టి ఆ 68 శాతం మన చేలకు అచ్చంగా సరిపోదు. ఉతుకుడు వాటా 23 శాతం మాత్రం నేరుగా మనదే, దాని సంగతి చివర్లో చెబుతాను.

మన దగ్గర నీళ్ళకన్నా పెద్ద సమస్య పురుగుమందు. 1987-88లో తెల్లదోమ అనే రసం పీల్చే పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టేసింది. అంతకుముందు పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టడంతో దోమను తినే మిత్ర పురుగులు చచ్చిపోయాయి, దోమకు అడ్డు లేకుండా పోయింది. మళ్ళీ మళ్ళీ మందు కొట్టారు, అప్పు మీద అప్పు చేశారు. చివరికి ఆ డబ్బాలోని మందే తాగి ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మీ తాతయ్యల్ని అడగండి, ఆ ఏడాది వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2002లో కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ విత్తనం వచ్చింది. కొన్నేళ్ళు కాయతొలిచే పురుగు తగ్గింది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు ఆ బీటీని కూడా తట్టుకుని బతుకుతోంది, మళ్ళీ మందు డబ్బాలు చేలోకి వచ్చాయి. మందు కొట్టేవాళ్ళకు మాస్కు ఉండదు, గ్లవుజులు ఉండవు. పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళ చేతులు ఆ మొక్కల మధ్యే తిరుగుతాయి. అందుకే పర్యావరణానికి మేలు చేసే బట్ట అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చేతులు.

రసాయన పురుగుమందులు లేకుండా పండించిన సేంద్రియ పత్తి బట్టలు అడగమనేది ఇందుకే. కాకపోతే ట్యాగ్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి 'ఎకో' అని రాసినంత మాత్రాన నమ్మకండి. సేంద్రియ బట్టలకిచ్చే గోట్స్ (GOTS) అనే అంతర్జాతీయ గుర్తు ఉందేమో చూడండి. అది ఉండాలంటే కనీసం 70 శాతం నార సేంద్రియమై ఉండాలి. 'ఆర్గానిక్' అని పూర్తిగా రాసుకోవాలంటే 95 శాతం ఉండాలి. రంగుల్లో వాడే రసాయనాలు, మురుగునీటి శుద్ధి, కార్మికుల పని పరిస్థితులు కూడా ఆ తనిఖీలోకి వస్తాయి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని మరోటి కనిపిస్తుంది. తయారైన బట్టలో ఒంటికి హాని చేసే పదార్థాలు పరిమితి దాటలేదని మాత్రమే అది చెబుతుంది, చేలో ఏం జరిగిందో చెప్పదు. బెటర్ కాటన్ గుర్తు ఉంటే, ఆ కంపెనీ మందులూ నీళ్ళూ తగ్గించే సాగుకు డబ్బు పెడుతోందని అర్థం. పాత గుర్తు ఉన్న ప్యాంటులో అయితే, ఆ పత్తే ఉందనడానికి చాలాసార్లు అది సాక్ష్యం కాదు.

ఇక రంగు. ఈ పని నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. నీలిమందు నీళ్ళలో కరగదు. రసాయనంతో దాని రూపం మారిస్తే కరుగుతుంది, అప్పుడు తొట్టిలోని నీళ్ళు పసుపు కలిసిన ఆకుపచ్చగా మారతాయి. అందులో ముంచిన నూలు పైకి వచ్చేటప్పుడు కూడా ఆ రంగులోనే ఉంటుంది. గాలి తగిలేసరికి మన కళ్ళ ముందే నీలంగా తిరుగుతుంది. మళ్ళీ ముంచుతారు, మళ్ళీ గాలికి వదులుతారు. అలా రంగు పొరలు పొరలుగా దారం పైనే పేరుకుంటుంది, లోపలిదాకా దిగదు. జీన్స్ మోకాళ్ళ దగ్గర వెలిసిపోవడానికి కారణం అదే. మీ ప్యాంటు అంచు తిప్పి చూడండి. పడుగు నూలు, అంటే నిలువు దారం, నీలం; పేక నూలు, అంటే అడ్డ దారం, తెలుపు. అందుకే లోపలివైపు తెల్లగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ నీలి మన నేల మీద మొక్క నుంచే వచ్చేది. 1897లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు జీన్స్‌లో వాడేది దాదాపు అంతా అదే.

రంగు వేసిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. తమిళనాడులోని తిరుప్పూర్ బనియన్లకు, టీషర్టులకు పేరున్న ఊరు. అక్కడి అద్దకం నీళ్ళు నొయ్యల్ నదిని ఎంత పాడుచేశాయంటే, 2011లో మద్రాస్ హైకోర్టు డైయింగ్ యూనిట్లను మూసేయమని ఆదేశించింది. చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాల్సిన పరిస్థితి ఆ తర్వాత వచ్చింది. కృష్ణా కాలువల నీళ్ళు తాగి బతికేవాళ్ళం, ఒక నది రంగు మారడం అంటే ఏమిటో మనకు వివరించి చెప్పక్కర్లేదు.

చిరుగులు, వెలిసిన మచ్చలు ఉన్న జీన్స్ మీద మీకు మోజు ఉంటుంది, తెలుసు. కానీ ఆ పాతదనం ఊరికే రాదు. ప్యూమిస్ రాళ్ళతో కలిపి ఉతుకుతారు, రంగు పోగొట్టే పర్మాంగనేట్ అనే రసాయనం చల్లుతారు, గరుకు కాగితంతో రుద్దుతారు. ఇసుకను గాలితో వేగంగా కొట్టి వెలిసేలా చేసే పద్ధతి కూడా ఉంది. ఆ ధూళి పీల్చి టర్కీలో కుర్రవాళ్ళు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు, 2009లో ఆ దేశం ఆ పద్ధతిని నిషేధించింది. ఇప్పుడు లేజర్, ఓజోన్ పద్ధతులు వచ్చాయి, అవి కొంత నయం. నా సలహా ఇది: ముదురు నీలం, చిరుగులూ మచ్చలూ పెట్టని ప్యాంటు కొనండి. మీ నడకకు, మీ కూర్చునే తీరుకు తగ్గట్టు అదే వెలుస్తుంది.

షాపులో లోపలి లేబుల్ చదవండి. నూటికి నూరు పత్తి అయితే మంచిది. సాగడం కోసం ఒకటి రెండు శాతం ఎలాస్టేన్ కలిపితే సరే అనుకోవచ్చు. అంతకు మించితే కొన్నాళ్ళకే ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఉబ్బి జారిపోతుంది, తిరిగి నూలుగా మార్చడమూ కష్టమే. లేబుల్ లేని బట్ట అయితే అంచు నుంచి ఒక దారం లాగి, షాపు బయటికి వచ్చి అగ్గిపుల్ల అంటించండి. పత్తి కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఆ పాలిస్టర్ ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ నూగు నీళ్ళలోకి వదులుతుంది. 'వెదురు బట్ట' అని అమ్మేవి కూడా చాలావరకు వెదురు గుజ్జును ఘాటు రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోసే.

మే నెల గుంటూరు ఎండలో జీన్స్ వేసుకోవడం మాత్రం నాకు నచ్చదు. పక్కనే మంగళగిరి ఉంది. గుంట మగ్గం మీద కరెంటు లేకుండా నేసిన నూలు బట్ట గాలాడుతుంది, చెమట పీలుస్తుంది. షర్టుకీ కుర్తాకీ అది చాలు. ఆ నూలు మిల్లుదే, రంగులు చాలావరకు రసాయన రంగులే, అది దాచి చెప్పకూడదు. అయినా ఆ డబ్బు మన పక్క ఊరి నేతగాడి ఇంటికి చేరుతుంది. పవర్‌లూమ్ బట్టను చేనేత అని అంటగట్టేవాళ్ళున్నారు కాబట్టి హ్యాండ్‌లూమ్ మార్క్ అడగండి. పత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన జాతీయ జెండా రూపకర్త పింగళి వెంకయ్య గారిని కంబోడియా పత్తి అనే రకం మీద చేసిన కృషికి జనం 'పత్తి వెంకయ్య' అని కూడా పిలిచేవారు. 1921లో బెజవాడలో ఆయన గాంధీజీ చేతికిచ్చిన జెండా వెనక అంత పత్తి పరిజ్ఞానం ఉంది.

గోట్స్ జీన్స్ కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకు బాధపడక్కర్లేదు. విజయవాడ బెసెంట్ రోడ్డులో మూడు చవక ప్యాంట్లు కొనే డబ్బుతో కుట్లు గట్టిగా ఉన్న ఒకటి కొని, నాలుగేళ్ళు వాడితే భూమికి అదే ఎక్కువ మేలు. అన్న ప్యాంటు తమ్ముడు వేసుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే, దాన్ని చిన్నతనంగా చూడకండి.

ఇందాక చెప్పిన ఆ 23 శాతం సంగతి. జీన్స్ రోజూ ఉతకొద్దు. మరక పడితే ఆ చోటు మాత్రం తుడవండి, చెమట వాసన వస్తే గాలికి ఆరేయండి. ఉతికేటప్పుడు తిరగేసి, చన్నీళ్ళలో, మాసిన నీలం బట్టలన్నీ కలిపి ఉతకండి. ఎండలో కాకుండా నీడన ఆరేయండి. కొత్త ప్యాంటు పొడవు తగ్గించడానికి టైలర్ దగ్గరికి వెళ్ళినప్పుడు, కింద కత్తిరించిన ముక్క అక్కడ వదిలేయకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి. రెండేళ్ళ తర్వాత మోకాలి దగ్గర చిరిగితే మాసిక వేయడానికి అదే బట్ట, అదే నేత మీ దగ్గరే ఉంటుంది.