పలమనేరు నుంచి నడిచొచ్చాక తిరుపతిలో ఒక రోజు: ఎక్కడ దిగాం, ఏం తిన్నాం, ఏం కొన్నాం

అందరికీ నమస్కారం. ముందు ఈ కాలు చూడండి. కెమెరా కాస్త దగ్గర పెడుతున్నాను. మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ. రెండో రోజు మొగిలి ఘాట్ దిగేటప్పుడు మొదలైంది. చిత్తూరు, పూతలపట్టు, చంద్రగిరి దాటి ఐదో రోజు మధ్యాహ్నం తిరుపతిలో అడుగుపెట్టేసరికి ఇంతైంది. నాతో మా చిన్నమ్మ కూడా నడిచింది. ఆమెకి యాభై రెండేళ్ళు. ఆమె కాళ్ళకి ఒక్క బొబ్బ లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

దర్శనం గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి. ఇది ఆ వీడియో కాదు. రోజుల తరబడి నడిచి వచ్చిన మనిషికి తిరుపతి ఊరు ఎలాంటి మజిలీ అన్నదే ఇక్కడ రివ్యూ. నా మాట ముందే చెప్పేస్తాను. నడిచొచ్చిన రోజే అలిపిరి ఎక్కకండి. ఊళ్ళో ఒక పూర్తి రోజు ఆగండి. తిరుపతి సముద్ర మట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల 850 మీటర్ల దరిదాపుల్లో ఉంది. అలిపిరి దారిలో మెట్లు 3,550. దూరం తొమ్మిది కిలోమీటర్లే అయినా, గాలి గోపురం దాకా వరసగా నిటారు మెట్లే. ఐదు రోజులు తారు రోడ్డు మీద నలిగిన మోకాళ్ళతో అదే సాయంత్రం అక్కడికి పోవడం శరీరాన్ని హింస పెట్టడమే.

బస సంగతి. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం ఉన్నాయి. రెండూ టీటీడీవే. ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండి. శని, ఆదివారాల్లో రద్దీ బాగా ఎక్కువ కాబట్టి, వారం మధ్యలో ఊరు చేరేలా నడక మొదలుపెట్టండి. మేం ఆ పని చేయలేదు. శనివారం వచ్చాం, గది దొరకలేదు. చివరికి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, పొద్దున దాకా రాలేదు. బట్టలు ఆరేసుకోడానికి మేడ మీదికి పోనివ్వలేదు. నడిచొచ్చిన వాళ్ళకి మంచం మెత్తగా ఉందా లేదా అన్నది పెద్ద లెక్క కాదండీ. బకెట్ వేడినీళ్ళు, బట్టలు ఆరేసుకునే తీగ, ఈ రెండే కావాలి. డబ్బు కట్టే ముందు ఆ రెండూ కళ్ళారా చూసుకోండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగానికి వస్తున్నాను. స్టేషన్ దగ్గర నిలబడితే గోవిందరాజస్వామి గోపురం కనిపిస్తుంది. ఆ గుడి చుట్టూ ఉన్న వీధులు, పక్కనే గాంధీ రోడ్డు. నడిచేవాళ్ళకి కావలసిన సామాను దాదాపు మొత్తం అక్కడే దొరుకుతుంది. కుంటుతూ తిరిగినా గంటలో పని అయిపోతుంది. నాకు షూ పక్క కుట్టు ఊడింది. గొడుగు కింద కూర్చున్న ఒకాయన పది నిమిషాల్లో మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టి, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆ కుట్టు ఇదిగో, చూడండి. కొత్త షూకి కూడా ఇంత గట్టి కుట్టు ఉండదు.

పక్కనే సరుకుల అంగడి. అంగట్లో పెద్దాయన నా బ్యాగు చూసి, "ఏమ్మా, ఎక్కణ్ణించి నడిచొస్తా ఉండారు?" అని అడిగాడు. పలమనేరు అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా బ్యాగు తీసుకుని కాటా మీద పెట్టాడు. పది కిలోల నాలుగు వందల గ్రాములు! "ఇంత మోస్తే కాళ్ళేం గావాలమ్మా? కొండకి తిండి మోసకపోతారా ఎవురన్నా?" అన్నాడు. నిజమే కదా. మెట్ల దారిలో అంగళ్ళు ఉన్నాయి. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఉచితంగా కడుపునిండా అన్నం పెడతారు. ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు తిరుమలలో నిషేధం. స్టీలు సీసా ఒకటి ఉంటే చాలు.

అయితే మేం కొండ దిగాక శ్రీకాళహస్తి దాకా నడవాలనుకున్నాం. రేణిగుంట, ఏర్పేడు మీదుగా రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులకి కొన్నది ఇది: చెనక్కాయ ఉండలు అర కిలో, వేపిన పప్పులు పావు కిలో, బొరుగులు, నిమ్మకాయలు ఆరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. అంతే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. స్పూన్ తలగొట్టి కొలవండి.

తిండికి వస్తే, ఆ మధ్యాహ్నం రాగి సంగటి, చెనక్కాయల చట్నీ, ఆకుకూర పప్పు. వేడి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేశారు. చిన్నమ్మ రెండో ముద్ద అడిగింది. ఐదు రోజుల్లో ఆమె అలా అడగడం అదే మొదటిసారి. సంగటి తిని మూడు గంటలు పడుకున్నాం. ఆ నిద్ర నాకు ఇంకా గుర్తుంది.

బొబ్బ విషయం. చిన్నదైతే ముట్టుకోకండి. బాగా ఉబ్బి అడుగు వేయలేకపోతే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తీయండి. పైచర్మం మాత్రం పీకొద్దు, అదే కాపలా. బెటాడిన్ రాసి, గుడ్డ ప్లాస్టర్ వేయండి. షుగర్ ఉన్నవాళ్ళు సొంత వైద్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చిన్నమ్మ కాళ్ళు ఎందుకు బాగున్నాయంటే, ఆగిన ప్రతిచోటా షూ విప్పి, కాళ్ళు ఆరబెట్టి, మధ్యాహ్నానికి సాక్స్ మార్చేది. నాకేమో బద్ధకం.

లోటు కూడా చెప్పాలి. నడకకి పనికొచ్చే మంచి షూ నా సైజులో దొరకలేదు. నడిచి నడిచి పాదాలు ఉబ్బుతాయి కాబట్టి ఒక సైజు పెద్దది, సాయంత్రం పూట కొనాలి. అది ఇంటి దగ్గరే చేసుకోండి. రాత్రి హారన్ల మోత కూడా ఎక్కువే, చెవుల్లో దూది పెట్టుకోండి. ఈ రెండూ పోను పదికి ఎనిమిది ఇస్తాను.

తాళ్ళపాక నుంచి నడిచొచ్చిన పిల్లవాడు అన్నమయ్య, మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లితే, అమ్మవారే వచ్చి ప్రసాదం పెట్టిందని మన దగ్గర చెప్పుకుంటారు. ఆ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నదే అయినా, సంగటి విస్తరి ముందు కూర్చున్నప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది.

మర్నాడు తెల్లవారుజామున ఐదుకి అలిపిరి చేరాం. సామాను టీటీడీ లగేజీ కౌంటర్‌లో ఇస్తే ఉచితంగా పైకి పంపుతారు. రసీదు జాగ్రత్త. బరువు లేని భుజాలతో మొదటి మెట్టు దగ్గరికి వెళ్ళాం. చిన్నమ్మ కొంగు ముడి విప్పి, కాగితం పొట్లంలో తెచ్చుకున్న పసుపు కుంకుమ మెట్టుకి పెట్టింది. "పదవే," అంది. నాకంటే ముందే ఎక్కడం మొదలుపెట్టింది.