విజిల్ కన్నా ముందు రిఫరీ చెయ్యి చూడండి

అందరికీ నమస్కారం.

ఐస్ హాకీ కొత్తగా చూసేవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. ఒకడు ఇంకొకడిని భుజంతో గుద్ది గోడకేసి దడేలుమనిపిస్తే రిఫరీ పట్టించుకోడు. వేరొకడు స్టిక్‌తో ఎదుటివాడి నడుము పట్టి కాస్త లాగితే మాత్రం బయట కూర్చోబెడతాడు. ఇదేం న్యాయం?

పక్, అంటే స్టిక్‌తో కొట్టే రబ్బరు బిళ్ళ, ఎవరి దగ్గరుందో చూస్తే ఇది అర్థమవుతుంది. పక్ ఉన్నవాడిని భుజంతో ఢీకొట్టడం ఈ ఆటలో భాగమే. పక్ లేనివాడికి అడ్డుపడితే ఇంటర్‌ఫియరెన్స్. స్టిక్ తగిలించి లాగితే హుకింగ్, కాళ్ళకి అడ్డం పెట్టి పడేస్తే ట్రిప్పింగ్, చేత్తో పట్టుకుంటే హోల్డింగ్. వీటిలో దెబ్బ చిన్నదే, కానీ ఎదుటివాడి వేగాన్ని దొంగదారిలో లాక్కున్నట్టే. గోడవైపు తిరిగి ఉన్నవాడిని వెనకనుంచి తోయడం వీటిలా చిన్న తప్పు కాదు. మెడ విరిగే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని తేలిగ్గా వదలరు.

మామూలు తప్పుకి మైనర్ పెనాల్టీ, అంటే 2 నిమిషాలు. తప్పు చేసినవాడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు, గోలీ (గోల్ కాపాడేవాడు) కాక ఐదుగురితో ఆడాల్సిన జట్టు నలుగురితో నెట్టుకొస్తుంది. అవతలివాళ్ళకి అది పవర్ ప్లే. ఈలోపు వాళ్ళు గోల్ కొడితే లోపలున్నవాడు బయటికొచ్చేస్తాడు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు, ఎన్ని గోల్స్ పడ్డా 2 నిమిషాలూ కూర్చోవాల్సిందే. 1955 నవంబరులో బోస్టన్‌పై మాంట్రియల్ ఆటగాడు జాన్ బెలివో ఒకే పవర్ ప్లేలో, 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. మరుసటి సీజన్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ప్రొఫెషనల్ లీగ్) నియమం మార్చేసింది. పెద్ద తప్పుకి వేసే 5 నిమిషాల మేజర్ పెనాల్టీకి మాత్రం ఈ వెసులుబాటు లేదు, గోల్స్ పడుతున్నా పూర్తిగా కూర్చోవాలి. దురుసు ప్రవర్తనకి వేసే 10 నిమిషాల మిస్‌కాండక్ట్ అనగానే ఇంకా పెద్ద దెబ్బ అనుకుంటాం. నిజానికి అక్కడ వేరే ఆటగాడు దిగొచ్చు కాబట్టి జట్టుకి మనిషి తగ్గడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. తప్పు జరిగింది, రిఫరీ చెయ్యి పైకెత్తాడు, కానీ విజిల్ ఊదలేదు. పక్ ఇంకా నష్టపోయిన జట్టు దగ్గరే ఉంది కదా, ఆట ఆపితే వాళ్ళకే అన్యాయం. తప్పు చేసిన జట్టు పక్‌ని చేజిక్కించుకున్న క్షణంలో విజిల్ మోగుతుంది. ఈ సంగతి తెలిసిన, నష్టపోయిన జట్టు గోలీ గోల్ ఖాళీగా వదిలేసి బెంచ్‌కి పరిగెడతాడు, అతని బదులు ఇంకో అటాకర్ దిగుతాడు. కొత్తవాళ్ళకి చూస్తేనే టెన్షన్! ఉన్న ప్రమాదమల్లా తమవాళ్ళ పాసే గురి తప్పి వెనక్కి జారి సొంత గోల్‌లో పడటం. అరుదే గానీ, అలా పడిన సందర్భాలున్నాయి.

కావాలని చేయకపోయినా పడే శిక్షలూ ఉన్నాయి. సొంత జోన్‌లోంచి (తమ గోల్ ఉన్న వైపు భాగం నుంచి) కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా నేరుగా చుట్టూ ఉన్న గ్లాస్ మీదుగా ప్రేక్షకుల్లో పడితే, ఎన్‌హెచ్‌ఎల్‌లో 2 నిమిషాలు ఖాయం. 2005-06 సీజన్ నుంచీ ఇంతే. ఉద్దేశం అడగరు. నాకైతే ఇది మరీ కఠినం అనిపిస్తుంది. కొట్లాటలో మాత్రం ఎన్‌హెచ్‌ఎల్ కొంత ఉదారం. 5 నిమిషాలు కూర్చుని మళ్ళీ ఆడనిస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో అయితే ఆట నుంచే పంపేస్తారు.

ఇక, మంచు మీద ఒక మనిషి ఎక్కువున్నా పెనాల్టీయే. 1979 ఎన్‌హెచ్‌ఎల్ సెమీఫైనల్‌లో ఏడోదీ, ఆఖరిదీ అయిన మ్యాచ్‌లో మాంట్రియల్ మీద బోస్టన్ 4-3 ఆధిక్యంలో ఉంది. మూడు నిమిషాలు కూడా మిగల్లేదు. ఆటగాళ్ళను మార్చే హడావిడిలో బోస్టన్‌కి ఒకడు ఎక్కువయ్యాడు. ఆ పవర్ ప్లేలో మాంట్రియల్ ఆటగాడు గీ లఫ్లోర్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో మాంట్రియల్ గెలిచింది, ఆ ఏడాది లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా ఎత్తుకెళ్ళింది.