‘నేరము-శిక్ష’: సస్పెన్స్ నవలలో విశ్వాసం ఎలా నిలబడిందో చూడండి

నమస్తే అండి. ఇవాళ్టి పుస్తకం రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’. 1866లో రష్యాలో పత్రిక సీరియల్‌గా వచ్చిన నవల. ఆరు భాగాలు, ఒక ముగింపు. హంతకుడెవరో మొదటి భాగంలోనే తెలిసిపోతుంది కాబట్టి కథ చివరిదాకా చెప్పేస్తాను. వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి.

క్రైస్తవ విశ్వాసంతో రాసే సస్పెన్స్ నవలలకు ఒక జబ్బుంది. కథంతా రక్తం, భయం. చివర్లో హీరో మోకాళ్లూని ప్రార్థన చేస్తాడు, అన్నీ చక్కబడతాయి. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి బాగుంటుంది గానీ, పాఠకుడు అప్పటిదాకా పడ్డ భయమంతా ఉత్తిదే అయిపోతుంది. ఈ నవల ఆ తప్పు చేయలేదు. ఇందులో విశ్వాసం చివర్లో వచ్చి కాపాడదు, మొదటి నుంచీ నేరం మధ్యలోనే ఉంటుంది.

హత్య సీనే తీసుకోండి. కథానాయకుడు రస్కోల్నికోవ్, చదువు మానేసిన బీద విద్యార్థి, కోటు లోపల గొడ్డలి వేలాడేసుకోవడానికి గుడ్డతో ఉచ్చు కుట్టుకుంటాడు. చెక్కముక్కకి ఇనుప రేకు జోడించి, కాగితం చుట్టి, దారంతో గట్టిగా ముడులేస్తాడు. తాకట్టు వస్తువని చెప్పి వడ్డీ వ్యాపారం చేసే ముసలమ్మకిస్తాడు. ముడి విప్పుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరగాలి. అంత లెక్క వేసినవాడు తలుపు గడియ మర్చిపోతాడు. ఆ తెరిచిన తలుపులోంచే ముసలమ్మ చెల్లెలు లిజవెతా లోపలికొస్తుంది, ఆమెనీ చంపాల్సి వస్తుంది. పక్కా ప్లాను చెడేది ఇలాంటి చోటే. థ్రిల్లర్ రాసేవాళ్లు ఈ అధ్యాయాన్ని వాక్యం వాక్యం చదవాలి.

ముసలమ్మ మెడలో డబ్బు సంచితో పాటు రెండు సిలువలుంటాయి. ఒకటి సైప్రస్ చెక్కది, ఇంకొకటి రాగిది. అతను సంచి జేబులో పెట్టుకుని సిలువల్ని శవం మీద పడేస్తాడు. ఇక్కడ రచయిత ఒక్క వ్యాఖ్యానం కూడా చేయడు. నాలుగైదు వందల పేజీల తర్వాత, పోలీసుల దగ్గరికి బయల్దేరే రోజున, సోన్యా (కుటుంబం కోసం వేశ్యగా మారిన అమ్మాయి) పెట్టెలోంచి రెండు సిలువలు తీస్తుంది. చెక్కది అతని మెడలో వేస్తుంది, రాగిది తను వేసుకుంటుంది. ఆ రాగిది లిజవెతాది. చదివేవాడి వీపు జలదరించాలంటే ఇలా రాయాలండి, ప్రసంగం అక్కర్లేదు.

ఇక నాలుగో భాగం, నాలుగో అధ్యాయం. పుస్తకానికి గుండెకాయ. రస్కోల్నికోవ్ సోన్యా గదికొచ్చి లాజరు కథ, అంటే చనిపోయినవాణ్ని యేసు తిరిగి లేపిన కథ, చదవమంటాడు. ఆమె దగ్గరున్న కొత్త నిబంధన కూడా లిజవెతా తెచ్చిచ్చిందే. అంటే హంతకుడు బైబిల్ వాక్యం వింటున్నది తను చంపిన మనిషి ఇచ్చిన పుస్తకంలోంచి. లాజరు అక్కచెల్లెళ్లలో ఒకరైన మార్త మాట మన బైబిల్లో ఉంది కదా, “అతడు చనిపోయి నాలుగుదినములైనది గనుక ఇప్పటికి వాసనకొట్టును”. ఆ నాలుగు అన్న మాటను సోన్యా ఒత్తి పలుకుతుంది. కుళ్లిన వాసనను దాచని నిరీక్షణ (ఆశ) ఇది, అందుకే నమ్మబుద్ధవుతుంది.

ఆమె 45వ వచనం దగ్గర ఆపేస్తుంది. యోహాను 11 తెరిచి 46వ వచనం చూడండి: కొందరు వెళ్లి పరిసయ్యులకు (యేసును వ్యతిరేకించిన యూదు మతవర్గం) ఆ సంగతి చేరవేస్తారు. నవలలో అదే సమయానికి గోడవతల స్విద్రిగైలోవ్ (రస్కోల్నికోవ్ చెల్లెలి వెంటపడే భూస్వామి) నిలబడి అంతా వింటున్నాడు. రేపు మళ్లీ వింటే కాళ్లు నొప్పెట్టకుండా కుర్చీ కూడా తెచ్చి వేసుకుంటాడు! రచయిత 46వ వచనం దృష్టిలో పెట్టుకునే రాశాడో లేదో గానీ, అతి పవిత్రమైన సీన్లోనే బ్లాక్‌మెయిల్‌కి విత్తనం పడింది. ఆ రాత్రి రస్కోల్నికోవ్ మారడు కూడా.

ఈ అధ్యాయం మీద పత్రిక సంపాదకులే అభ్యంతరం చెప్పారు, దోస్తోయెవ్‌స్కీ తిరగరాయాల్సి వచ్చింది. హంతకుడూ వేశ్యా కలిసి శాశ్వత గ్రంథం చదువుతున్నారన్న వాక్యాన్ని తర్వాతి కాలంలో రచయిత నబొకోవ్ ఉతికి ఆరేశాడు. ఆ ఒక్క వాక్యం వరకూ ఆయనతో నేనూ ఏకీభవిస్తాను. సీన్ చూపించేసిన దాన్ని మళ్లీ నోటితో చెప్పడం దండగ.

విశ్వాసం ఇందులో కేసునే తప్పుదారి పట్టిస్తుంది కూడా. రంగులేసే మికోల్కా చేయని హత్య ఒప్పుకుంటాడు, ఎందుకంటే శ్రమ అనుభవిస్తే పుణ్యమని నమ్మే కుటుంబం నుంచి వచ్చాడు. చివర్లో స్విద్రిగైలోవ్ కాల్చుకుని చచ్చిపోయాడని పోలీసు స్టేషన్లోనే తెలుస్తుంది. ఇక భయపెట్టేవాడు లేడు. రస్కోల్నికోవ్ ఏమీ చెప్పకుండా మెట్లు దిగేస్తాడు. కింద వాకిట్లో సోన్యా పాలిపోయి నిలబడి ఉంటుంది. తిరిగి పైకెక్కి ఒప్పుకుంటాడు. తప్పించుకునే దారి తెరిచి ఉండగా ఒప్పుకున్నాడు కాబట్టే ఆ ఒప్పుకోలుకి విలువ.

లోపాలా? ఉన్నాయి. సోన్యాలో ఒక్క మరక లేదు, కోపం కూడా సరిగా రాదు. యాదృచ్ఛికంగా చెవినపడే సంభాషణలు మరీ ఎక్కువ. ముగింపు తొందరగా నడుస్తుంది. ఎనిమిదేళ్ల సైబీరియా శిక్షలో మొదటి ఏడాదంతా మారుమనస్సు లేకుండా గడిపినవాడు కొద్ది పేజీల్లో కరిగిపోతాడు. కానీ అక్కడా రచయిత జాగ్రత్తపడ్డాడు. దిండు కింద అదే కొత్త నిబంధన ఉంటుంది, అతను తెరవడు. మారినవాడి జీవితం వేరే కథ అని చెప్పి రచయిత ఊరుకుంటాడు.

చదవబోయేవాళ్లకు రెండు మాటలు. చాలామంది పేర్ల దగ్గరే పుస్తకం వదిలేస్తారు. రోద్యా, రొమానొవిచ్, రస్కోల్నికోవ్ అన్నీ ఒక్కడే. అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి. కుదించిన ప్రతి కొంటుంటే ముందు నాలుగో భాగం నాలుగో అధ్యాయం తిప్పి చూడండి, లాజరు కథ లేకపోతే అక్కడే పెట్టేసి రండి.